ఆ సీరియల్ చూడనివ్వవచ్చా, డాక్టరు గారూ?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి తెనాలి దగ్గర నుంచి ఒక తల్లి రాసినది. పేరు వేయవద్దన్నారు కనుక వేయటం లేదు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మా అమ్మాయికి పదిహేనో ఏడు నడుస్తోంది. పదవ తరగతి. చదువులో ఫరవాలేదు. మొన్న అర్ధరాత్రి లేచి చూస్తే దుప్పటి ముసుగు పెట్టుకుని సెల్‌ఫోన్‌లో ఏదో ఇంగ్లీషు సీరియల్ చూస్తోంది. కళ్ళు వాచేలా ఏడ్చింది. స్కూలు పిల్ల ఆత్మహత్య చేసుకున్న కథట. నాకు గుండె ఆగినంత పనయింది. ఫోన్ లాక్కుని నాలుగు చీవాట్లు పెట్టాను. ఇవాళ్టికి నాలుగు రోజులు. నాతో సరిగా మాట్లాడటం లేదు. మావారు 'అలాంటి చెత్త ఇంట్లో వద్దు' అంటున్నారు. మా మరిది 'ఈ కాలం పిల్లలకి అన్నీ తెలియాలి వదినా, చూడనివ్వు' అంటున్నాడు. ఆ సీరియల్ చూడనివ్వవచ్చా, డాక్టరు గారూ? చూస్తే పిల్ల మనసు పాడవుతుందా?"

అమ్మా! మీ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో జవాబు రాసి పంపవచ్చు. కాని అలా రాస్తే మీకు ఉపయోగం ఉండదు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి కనుక, మీకిచ్చే జవాబు మిగతా తల్లిదండ్రులకు కూడా పనికివస్తుందని ఈ వారం శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ఈ సీరియళ్ళు ఎందుకు వచ్చాయి?

పదమూడు నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల కోసం, వాళ్ళ కథలే తీసుకుని సీరియళ్ళు తీయటం పడమటి దేశాల్లో చాలాకాలంగా ఉంది. ఇంగ్లండులో బి.బి.సి. వారి 'గ్రేంజ్ హిల్' 1978లో మొదలై 2008 వరకు నడిచింది. అదొక మామూలు స్కూలు కథ. 1986లో అందులో జామో అనే కుర్రవాడు హెరాయిన్‌కు అలవాటు పడినట్లు చూపించారు. మత్తుమందును గొప్పగా గాని తమాషాగా గాని చూపలేదు. ఆ కుర్రవాడు అబద్ధాలకు దిగటం, స్నేహితుల నమ్మకం పోగొట్టుకోవటం, ఆరోగ్యం చెడిపోవటం వారం వారం పిల్లలు చూశారు. ఇంట్లో ఎత్తటానికే భయపడే మాట ఆ ఏడాది ఇంటింటా మాట్లాడుకునే మాట అయింది.

కెనడాలో 'డెగ్రాసీ జూనియర్ హై' 1987లో మొదలయింది. అందులో స్పైక్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల గర్భవతి అవుతుంది. కథ అక్కడితో ముగిసిపోలేదు. ఆ పిల్ల బిడ్డను కన్నది, బిడ్డను పెట్టుకుని చదువుకోవటానికి తంటాలు పడింది. 2001లో 'డెగ్రాసీ: ది నెక్స్ట్ జెనరేషన్' అని కొత్త సీరియల్ వస్తే, ఆ బిడ్డే ఎమ్మా పేరుతో పెద్దదై అదే స్కూల్లో చేరింది. మొదటి కథ ఏమిటో తెలుసా? ఇంటర్నెట్‌లో తన ఈడు కుర్రవాడినని చెప్పుకున్న ఒక పెద్దమనిషి వలలో ఎమ్మా పడబోతుంది. స్నేహితులూ, తల్లీ సమయానికి వచ్చి కాపాడతారు. 2001 నాటికి మనలో చాలామందికి ఆ ప్రమాదం ఒకటుందని కూడా తెలియదు.

అలాగని అక్కడి పెద్దలందరూ ఈ సీరియళ్ళను మెచ్చుకున్నారని కాదు. అదే డెగ్రాసీలో 2004లో ఒక అమ్మాయి గర్భస్రావం చేయించుకునే కథ కెనడాలో ప్రసారమయితే, అమెరికాలో ఆ సీరియల్ చూపే ఛానెల్ 2006 దాకా దాన్ని ఆపివేసింది. చూపాలా వద్దా అన్న తగవు మీ ఇంట్లో మీ మరిదికీ, మీవారికీ మధ్యనే కాదు, దేశాల మధ్య కూడా ఉన్నదే.

కనుక కష్టమైన విషయం చూపించినంత మాత్రాన సీరియల్ చెడ్డది కాదు. పిల్లలకు ఆ కష్టాలు సీరియల్ వల్ల రాలేదు. క్లాసులో ఏడిపించటం, ప్రేమ పేరుతో వేధించటం, ఫోటోలు తీసి బెదిరించటం, మార్కుల భయం, ఇంట్లో తాగుడు ఇవన్నీ మన ఊళ్ళలోనూ ఉన్నాయి. మనం మాట్లాడం కనుక పిల్లలు సీరియల్‌లో వెతుక్కుంటున్నారు.

మరి ప్రమాదం ఎక్కడ?

ప్రమాదం ఉన్న మాట నిజమే. ఈ విషయంలో వైద్యశాస్త్రం దగ్గర ఆధారాలు ఉన్నాయి.

1981లో పశ్చిమ జర్మనీ టెలివిజన్‌లో ఒక విద్యార్థి మరణం గురించి ఆరు భాగాల సీరియల్ ప్రసారమయింది. 1982లో మళ్ళీ వేశారు. ఉద్దేశం మంచిదే. అబ్బాయి ఎందుకు చనిపోయాడో తల్లిదండ్రులూ, టీచర్లూ ఆలోచించుకోవాలని తీశారు. కాని తర్వాత ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీసి చూస్తే, ఆ ప్రసారాల తర్వాత ఆ కుర్రవాడి ఈడు మగపిల్లల్లో, సరిగ్గా సీరియల్‌లో చూపిన పద్ధతిలోనే మరణాలు పెరిగాయి. రెండోసారి చూసినవారు తక్కువ, ఆ పెరుగుదలా తక్కువే. మందు మోతాదును బట్టి పనిచేసినట్లుగా ఉంది కదూ?

ఇంగ్లండులో 1996లో ఆస్పత్రి కథల సీరియల్ ఒకదానిలో ఒక పాత్ర తనకు తాను హాని చేసుకున్నట్లు చూపారు. ఆ తర్వాత మొదటి వారంలో అలా హాని చేసుకుని నిజం ఆస్పత్రులకు వచ్చినవారు 17 శాతం పెరిగారు, రెండోవారంలో 9 శాతం.

ఇక మీ అమ్మాయి చూసినది బహుశా 'థర్టీన్ రీజన్స్ వై' అయి ఉంటుంది. మీరు రాసిన కథను బట్టి అనుకుంటున్నాను. 2007లో వచ్చిన నవల ఆధారంగా తీసిన ఈ సీరియల్‌ను నెట్‌ఫ్లిక్స్ 2017 మార్చి 31న విడుదల చేసింది. హన్నా అనే అమ్మాయి చనిపోతూ, తన చావుకు ఎవరెవరు కారణమో క్యాసెట్లలో చెప్పి వదిలివెళుతుంది. ఒక్కొక్కరూ ఆ క్యాసెట్లు విని సిగ్గుపడతారు, ఏడుస్తారు. స్కూల్లో అమ్మాయిలపై జరిగే అత్యాచారాలు, పుకార్లు, ఎగతాళి ఇవన్నీ అందులో ఉన్నాయి. అవి నిజమైన సమస్యలే.

ఆ ఏడాదే అమెరికాలో స్కూలు సైకాలజిస్టుల జాతీయ సంఘం, మనసు బలహీనంగా ఉన్న పిల్లలు దీన్ని చూడకపోవటం మంచిదని హెచ్చరించింది. న్యూజీలాండ్ వారు దీని కోసం ఒక కొత్త సర్టిఫికెట్టే పెట్టారు. పద్ధెనిమిదేళ్ళ లోపు వారు తల్లిదండ్రుల తోనో, సంరక్షకులతోనో కలిసి చూడాలని దాని అర్థం. 2019లో ఒక అమెరికన్ పరిశోధన, సీరియల్ విడుదలైన మరుసటి నెల ఏప్రిల్ 2017లో 10 నుంచి 17 ఏళ్ళ వారిలో ఆత్మహత్యల రేటు 28.9 శాతం పెరిగిందని చెప్పింది. 2020లో మరొక పరిశోధకుడు అవే అంకెలను తిరిగి లెక్కకట్టి, అప్పటికే మరణాలు ఏటేటా పెరుగుతూ వస్తున్నాయి కనుక అంతా సీరియల్ మీదకు నెట్టటం కుదరదన్నాడు. నేను రెండూ చెబుతున్నాను, ఎందుకంటే ఒకటే చెబితే మిమ్మల్ని భయపెట్టినట్లవుతుంది, లేదా మభ్యపెట్టినట్లవుతుంది. చివరకు 2019 జూలైలో నెట్‌ఫ్లిక్స్ వారే ఆ మరణ దృశ్యాన్ని తీసివేశారు.

మా డాక్టర్లు ఆ సీరియల్‌లో పట్టుకున్న తప్పులు మూడు. మొదటిది, మరణాన్ని వివరంగా చూపటం. దీన్ని వారే సరిదిద్దుకున్నారు. రెండవది, చావును పగ తీర్చుకునే మార్గంగా చూపటం. నేను పోతే అందరూ ఏడుస్తారు, అప్పుడు తెలిసివస్తుంది అన్న ఊహ ఈ వయసులో చాలామందికి వస్తుంది. కథలో హన్నా గొంతు చనిపోయాక కూడా వినిపిస్తూనే ఉంటుంది, అందరూ వింటూనే ఉంటారు. నిజంలో అలా జరగదు. చనిపోయినవారు ఏమీ వినరు, చూడరు. తల్లిదండ్రులు మాత్రం బతికినన్నాళ్ళూ కుములుతారు. మూడవ తప్పు అన్నిటికన్నా పెద్దది. హన్నా చివరిసారిగా స్కూలు కౌన్సిలర్ దగ్గరకు వెళుతుంది. ఆయన ఆమె మాట పూర్తిగా పట్టించుకోడు. జరిగింది మరచిపోయి ముందుకు సాగమన్న ధోరణిలో మాట్లాడి పంపివేస్తాడు. చూసే పిల్లకు అర్థమయ్యేది ఏమిటి? పెద్దవాళ్ళకు చెప్పి లాభం లేదని!

నేను చేసిన తప్పు

ఆ కౌన్సిలర్‌ను తిట్టుకోవటం సులువు. నాకు ఆ హక్కు లేదు. ఎందుకో చెబుతాను.

పన్నెండేళ్ళ క్రితం నేనొక ఏరియా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడు నెల రోజుల్లో మూడుసార్లు ఓపీకి వచ్చాడు. మొదటిసారి తలనొప్పి అన్నాడు. రెండోసారి కడుపులో మంట అన్నాడు. మూడోసారి నిద్ర పట్టటం లేదన్నాడు. గది బయట వందమంది నిలబడి ఉన్నారు. మూడుసార్లూ మందు రాశాను. మూడోసారి చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి, "సార్, ఇంకో మాట..." అన్నాడు. "పరీక్షలన్నీ బాగున్నాయి. నీకేం జబ్బు లేదు. బాగా చదువుకో ఫో" అన్నాను. నేను నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు.

వారం దాటాక ఒక రాత్రి అతన్ని క్యాజువాలిటీకి మోసుకొచ్చారు. తెల్లవార్లూ కష్టపడ్డాం. బతికాడు. నాలుగో రోజున మంచం పక్కన కూర్చుని, "ఎందుకు చేశావు నాయనా?" అని అడిగాను. "ఆ రోజు మీకు చెబుదామనుకున్నాను సార్. మీరు ఏమీ లేదన్నారు" అన్నాడు.

నా సర్వీసులో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఆనాటి నుంచి నా గదిలోకి ఈ వయసు పిల్లలు ఎవరు వచ్చినా, జ్వరమైనా, మొటిమలైనా, ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను: "ఈ మధ్య మనసెలా ఉంటోంది?" ఆ ప్రశ్నకు ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఎప్పుడూ దండగ కాలేదు.

మందు కూడా కథలోనే ఉంది

కథ వల్ల కీడు జరిగినట్లే మేలూ జరుగుతుంది. మోజార్ట్ 1791లో కూర్చిన 'ది మేజిక్ ఫ్లూట్' అనే సంగీత నాటకంలో పాపగేనో అనే పక్షుల వేటగాడు ఉంటాడు. ప్రేమించిన పిల్ల దక్కదేమోనన్న దిగులుతో ప్రాణం తీసుకోబోతాడు. ముగ్గురు బాలురు వచ్చి ఆపి, వేరే దారి ఉందని గుర్తు చేస్తారు. అతను ఆగుతాడు, ఆ పిల్లే అతనికి దక్కుతుంది. 2010లో వియన్నా నగరపు పరిశోధకులు పత్రికలలో వచ్చిన వార్తలు పరిశీలిస్తే, చావు ఆలోచన వచ్చినా దాన్ని దాటి బతికినవారి కథలు ప్రచురించిన తర్వాత ఆత్మహత్యలు తగ్గినట్లు కనిపించింది. అందుకని ఆ మంచి ప్రభావానికి ఈ వేటగాడి పేరే పెట్టారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా, నాటకం, టెలివిజన్ వారి కోసం వేసిన పుస్తకంలోనూ ఇదే చెప్పింది: చావు పద్ధతిని చూపవద్దు, కష్టాన్ని దాటే మనుషులను చూపండి, సాయం ఎక్కడ దొరుకుతుందో చూపండి.

ఇక్కడే నా జవాబు మొదలవుతుంది. ఒక సీరియల్ మంచిదో కాదో తేల్చటానికి అందులో ఎంత భయంకరమైన సంగతి ఉందని చూడకండి. కష్టంలో ఉన్న పిల్ల నోరు తెరిచి చెప్పినప్పుడు, ఆ కథలో వినే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని చూడండి. స్పైక్ కథలో ఉన్నారు. ఎమ్మా కథలో ఉన్నారు. హన్నా కథలో లేరు. కథలో లేకపోతే ఆ లోటు ఇంట్లో మీరు పూడ్చాలి.

మన పిల్లల కథ

ఇదంతా అమెరికా, ఇంగ్లండు కథ, మనకెందుకు అనుకోకండి. 'కోటా ఫ్యాక్టరీ' అనే హిందీ సీరియల్ మన ఇంటర్ పిల్లలు చాలామంది చూశారు. 2019లో మొదలయింది. ఐ.ఐ.టి. సీటు కోసం రాజస్థాన్ కోటా నగరానికి వెళ్ళిన పిల్లల కథ. ఊరు పేరు మారిస్తే మన రెసిడెన్షియల్ కాలేజీల కథే. 2021లో వచ్చిన రెండవ భాగం చివర ఒక విద్యార్థిని మరణవార్త వస్తుంది. నాకు నచ్చినది ఏమిటంటే, 2024లో వచ్చిన మూడవ భాగంలో పిల్లలందరికీ ధైర్యం చెప్పే మాస్టారే ఆ దెబ్బకు కుంగిపోయి, మానసిక వైద్యుల సాయం తీసుకుంటాడు. ధైర్యం చెప్పేవాడికి కూడా డాక్టరు అవసరం కావచ్చునని, అందులో నామోషీ లేదని కుర్రకారుకు చూపించటం మంచిపని.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి మరచిపోలేనిది. ఆ పిల్లలు ఏ సీరియల్ చూసీ చేసిన పని కాదది. ఏ మరణానికీ ఒక్కటే కారణం ఉండదు. మార్కులకు తోడు దిగులు, ఒంటరితనం, చెప్పుకునే మనిషి లేకపోవటం, నిమిషంలో వచ్చే ఆవేశం, అందుబాటులో ఉన్న హానికర వస్తువు, అన్నీ కలుస్తాయి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా ప్రాణం నిలబడుతుంది. అన్నిటికన్నా సులువుగా తెంచగలిగింది, చెప్పుకునే మనిషి లేకపోవటం అన్న లంకె.

తండ్రులు చూడవలసిన సీరియల్ కూడా ఒకటి చెబుతాను. 2025 మార్చిలో ఇంగ్లండు నుంచి 'అడోలసెన్స్' అని నాలుగే భాగాల సీరియల్ వచ్చింది. పదమూడేళ్ళ కుర్రవాడు తోటి విద్యార్థినిని చంపాడన్న నేరం మీద అరెస్టవుతాడు. దర్యాప్తు చేసే పోలీసు ఆఫీసరు, పిల్లలు ఫోన్లలో పెట్టుకున్న బొమ్మల గుర్తులు చూసి స్నేహంగా ఉన్నారనుకుంటాడు. అదే స్కూల్లో చదివే అతని కొడుకు పక్కకు పిలిచి, "నాన్నా, వాటి అర్థం అది కాదు" అన్నట్లు విడమరచి చెబుతాడు. అవి స్నేహం కాదు, ఎగతాళి. ఊరి నేరాలు విప్పే తండ్రికి తన ఇంటి పిల్లల భాష రాదు. ఆ సీరియల్‌ను ఇంగ్లండు స్కూళ్ళలో పిల్లలకు ఉచితంగా చూపే ఏర్పాటు కూడా చేశారు. దాన్ని ఒంటరిగా చూడటం కన్నా మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూసి, "ఈ గుర్తుకు అర్థమేమిటిరా?" అని అడిగితే రెండు విధాల లాభం.

ఏం చేయాలి?

ఇక ఆచరణకు వద్దాం. కత్తిరించి దాచుకోదగ్గ విషయాలు ఇవి.

1. ఫోన్ లాక్కోవటం వల్ల సీరియల్ ఆగదు. స్నేహితురాలి ఫోన్‌లో చూస్తుంది. మీకు చెప్పటం మాత్రం ఆగిపోతుంది.

2. వయసు చూడండి. పదమూడేళ్ళ లోపు పిల్లలకు ఇలాంటి కథలు వద్దు. ఆ పైన కూడా సర్టిఫికెట్‌లో రాసిన వయసును పట్టించుకోండి. ఇదివరకే దిగులుగా ఉన్న పిల్లలు, దగ్గరివారు ఎవరైనా పోయిన పిల్లలు, ఎప్పుడైనా తమకు తాము హాని చేసుకున్న పిల్లలు ఇలాంటివి చూడకపోవటమే మంచిది.

3. అర్ధరాత్రి, ఒంటరిగా, వరుసగా అన్ని భాగాలూ చూడటం మంచిది కాదు. ఈ వయసులో ఆవేశం ముందు పుడుతుంది, దాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గాని పూర్తిగా పరిపక్వం కాదు. దానికి నిద్రలేమి తోడైతే చిన్న దిగులు కూడా కొండంత అవుతుంది. రోజుకొక భాగం, పగటిపూట, హాల్లో చూడాలని నియమం పెట్టండి.

4. కలిసి చూడండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే "నాకు చెప్పవే" అనండి. మీకు కథ చెప్పటంలో పిల్ల తన మనసు కూడా చెబుతుంది.

5. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో నీకు ఎవరి మీద జాలి కలిగింది? ఆ పిల్ల ఎవరికి చెప్పి ఉంటే బాగుండేది? నీకలాంటి కష్టం వస్తే ఎవరికి చెబుతావు? మూడో ప్రశ్నకు జవాబుగా మీ పేరు రాకపోతే బాధపడకండి. అమ్మమ్మ, పిన్ని, లెక్కల మాస్టారు, ఎవరి పేరు వచ్చినా సంతోషించండి. ఏ పేరూ రాకపోతే అప్పుడు జాగ్రత్తపడండి.

6. ఈ గుర్తులు చూడండి: రెండు వారాలు దాటినా పోని దిగులు, నిద్రా తిండీ మారిపోవటం, ఇష్టమైన ఆటపాటలు మానటం, కారణం కనబడని తలనొప్పులు, కడుపునొప్పులు, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాటలు, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచేయటం, ఎన్నాళ్ళో కుమిలి ఒక్కసారి విచిత్రంగా శాంతపడటం.

7. అనుమానం వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయం. అలా జరగదు. అడిగితే పిల్లకు బరువు దిగుతుంది. అవునంటే అరవకండి, ఏడవకండి, ఒట్లు పెట్టించుకోకండి. "చెప్పావు, మంచిపని చేశావు" అనండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందులు, పురుగుమందులు తాళం వేయండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

8. ప్రభుత్వ జిల్లా ఆస్పత్రులలో, బోధనాసుపత్రులలో మానసిక వైద్యులు ఉంటారు. అర్ధరాత్రి అయితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లల మీద అఘాయిత్యమేదైనా జరిగిందని తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

9. ప్రయత్నం జరిగిపోయిందా? ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురండి. "పోలీసు కేసవుతుంది, పిల్ల పెళ్ళికి అడ్డం" అని ఇంట్లో నాటువైద్యం చేసి ఆలస్యంగా తెచ్చినవారిని ఎందరినో చూశాను. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేనేలేదు. ఆస్పత్రిలో వివరాలు నమోదు చేస్తారు, అంతే. దానికి భయపడి ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు.

మళ్ళీ మీ దగ్గరకు, అమ్మా!

మీరు చేసినది పెద్ద నేరమేమీ కాదు. భయపడ్డ తల్లి చేసే పనే చేశారు. కాని ఒక్కసారి ఆలోచించండి. ఆ రాత్రి మీ అమ్మాయి ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో మీ ఉత్తరంలో లేదు. హన్నా మీద జాలితో ఏడ్చిందా, క్లాసులో ఎవరైనా గుర్తుకొచ్చి ఏడ్చిందా, తన కష్టమే తెర మీద కనబడి ఏడ్చిందా? ఆ మూడింటిలో మొదటిదైతే మంచి మనసున్న పిల్ల అని సంతోషించండి. రెండోదైతే ఒక స్నేహితురాలికి సాయం అవసరం. మూడోదైతే మీ పిల్లకే అవసరం. ఏదో తెలుసుకోవాలంటే అడగటం తప్ప వేరే మార్గం లేదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక, మీవారిని హాల్లో ఉండమని చెప్పి, అమ్మాయి గదిలోకి వెళ్ళండి. ఫోన్ తిరిగి చేతిలో పెట్టండి. ఇలా అనండి: "అమ్మలూ, ఆ రోజు నాకు భయమేసి అరిచాను. తప్పు నాదే. ఆ పిల్ల కథ ఏమిటో నాకు చెప్తావా?" అని, ఇక మీరు నోరు మెదపవద్దు. మధ్యలో నీతులు చెప్పవద్దు. మా రోజుల్లో అని మొదలుపెట్టవద్దు. మొదట "ఏం లేదులే" అంటుంది. కూర్చునే ఉండండి. జడ వేస్తూ అడిగితే ఇంకా మంచిది, ఎదురుగా ముఖం చూస్తూ చెప్పలేని మాటలు జడ వేయించుకుంటూ చెబుతారు ఆడపిల్లలు. పిల్ల చెప్పడం ముగించి లేచి వెళ్ళబోతూ "అమ్మా, ఇంకో మాట..." అంటే మాత్రం, పొయ్యి మీద పాలు పొంగినా సరే లేవకండి. ఆ ఇంకో మాట కోసమే ఇంతసేపూ మాట్లాడింది.

ఆ సీరియల్ చూడనివ్వవచ్చా అని అడిగారు. మీరు పక్కన లేకుండా అయితే వద్దు. పక్కన ఉంటానంటే, పిల్ల మనసు కుదుటపడి ఉందని తేలితే, చూడనివ్వవచ్చు. అసలు కథ మీరు విన్నాక, ఇక చూడాలన్న పట్టుదల ఆమెకు ఉండకపోనూవచ్చు.

ఏం జరిగిందో మళ్ళీ ఉత్తరం రాయండి. ఈసారి కూడా పేరు వేయను.

వచ్చే వారం: పరీక్షల ముందు నిద్ర ఎన్ని గంటలు?